ఫార్మాట్ కొట్టాక కూడా తేదీ మారుతూనే ఉంది

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఓ చిన్న ఊరు. మూడేళ్ళ కిందట లైబ్రరీ మేడ మీది గదిలో కంప్యూటర్ క్లబ్ పెట్టుకున్నాం. మొత్తం 23 మందిమి. ఎక్కువమంది రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఓ నలుగురు డిగ్రీ పిల్లలు. ఆదివారం ఉదయం కలిసి ఎవరి సిస్టమ్‌కి ఏ ఇబ్బంది వచ్చినా చెప్పుకుంటాం, తెలిసినవాళ్ళు సలహా ఇస్తారు. పది రోజుల కిందట మా తెలుగు మాస్టారు తన సిస్టమ్ తెచ్చారు. ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తోంది, వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదు, పైగా బాగా స్లో. ఒకరు వైరస్ అన్నారు, ఒకరు రూటర్ మార్చమన్నారు, ఇంకొకరు విండోస్ పాడైందన్నారు. చివరికి బ్యాంకులో పనిచేసిన మా సభ్యుడొకాయన "ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు. "అన్నీ డీ డ్రైవ్‌లోనే పెట్టానండీ" అన్నారు మాస్టారు. దాంతో బ్యాంకాయన ఫార్మాట్ కొట్టి, అంటే విండోస్ ఉన్న డ్రైవ్‌ని ఖాళీ చేసి, విండోస్ మళ్ళీ ఎక్కించారు. తీరా చూస్తే, మాస్టారు పన్నెండేళ్ళుగా అను అనే పాత తెలుగు ఫాంట్‌లో టైప్ చేసుకున్న పెళ్ళిపాటలు, సామెతలు డెస్క్‌టాప్ మీద, అంటే విండోస్ ఉండే సీ డ్రైవ్‌లో ఉన్నాయట. అన్నీ పోయాయి. ఇంత చేశాక కూడా తేదీ మారుతూనే ఉంది! ఇప్పుడు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. క్లబ్‌లో సగంమంది ఆయన వైపు, సగంమంది ఈయన వైపు. ఆ ఫైళ్ళు తిరిగి వస్తాయా? ఫార్మాట్ చేసినాయన్ని తప్పించాలా?
– కార్యదర్శి

జవాబు:

కార్యదర్శిగారూ, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు మాస్టారికి ఫోన్ చేసి ఆ సిస్టమ్ ఆపేయమనండి. మనవడు అడిగినా, కరెంటు బిల్లు కట్టాలన్నా, దాన్ని ఆన్ చేయొద్దు.

ఎందుకో చెబుతాను. మీ లైబ్రరీలో ఎవరో కేటలాగు పుస్తకం చింపేశారనుకోండి. పుస్తకాలు ఎక్కడికీ పోవు, బీరువాల్లోనే ఉంటాయి. ఏది ఎక్కడుందో చెప్పే కాగితం మాత్రం ఉండదు. విండోస్ ఎక్కించేటప్పుడు కొట్టే ఫార్మాట్ దాదాపు ఇంతే చేస్తుంది. అయితే అరలన్నీ ఖాళీ అనుకుని కొత్త పుస్తకాలు తెచ్చి సర్దడం మొదలుపెడితే, పాతవి ఒక్కొక్కటే నిజంగా పోతాయి. కొత్త విండోస్ ఇప్పటికే కొంత చోటు ఆక్రమించింది. తర్వాత దాని అప్‌డేట్లు, బ్రౌజర్ దాచుకునే చెత్త. ఈ పది రోజుల్లో ఆ సిస్టమ్ ఎంతసేపు నడిచిందో అంత నష్టం జరిగి ఉంటుంది. ఇకముందైనా ఆపాలి.

రెండో సంగతి, అందులో ఉన్నది తిరిగే హార్డ్ డిస్కా, తిరిగే భాగాలేవీ లేని ఎస్ఎస్‌డీనా అన్నది. అదృష్టం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. ఎస్ఎస్‌డీ అయితే ఫార్మాట్ అయిన చోటును విండోస్ "ఇది ఇక అక్కర్లేదు" అని డిస్క్‌కి చెప్పేస్తుంది, డిస్క్ తీరికగా అదంతా తుడిచేసుకుంటుంది. అప్పుడు ఆశ తక్కువ. కానీ "బాగా స్లో" అన్నారు కాబట్టి పాతకాలపు తిరిగే డిస్కే అయి ఉంటుందని నా అనుమానం. స్లోగా ఉండడం ఒక్క ఈ విషయంలో మాస్టారికి కలిసొస్తుంది.

తిరిగేదే అయితే, దాన్ని సిస్టమ్‌లోంచి బయటికి తీసి వేరే సిస్టమ్‌కి తగిలించండి. డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే సాటా కేబుల్ ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది. డెస్క్‌టాప్ డిస్క్‌కి యూఎస్‌బీ కరెంటు చాలదు, విడిగా పవర్ అడాప్టర్ ఉన్నదే అడిగి తీసుకోండి. తగిలించగానే సీ డ్రైవ్‌గా ఉన్న భాగంలో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. "ఫార్మాట్ కొట్టాను" అనేవాళ్ళలో కొంతమంది నిజానికి ఫార్మాట్ కొట్టకుండా పాతదాని మీదే కొత్త విండోస్ ఎక్కిస్తారు. అప్పుడు పాతవన్నీ ఆ ఫోల్డర్‌లోకి చేరతాయి. అందులో యూజర్స్, మాస్టారి పేరు, డెస్క్‌టాప్. మూడు తలుపులు తీస్తే చాలు.

అది లేకపోతే ఫొటోరెక్ అనే ప్రోగ్రాం ఉంది, ఉచితం. పేరు చూసి ఫొటోలకే అనుకోకండి, వర్డ్ ఫైళ్ళనూ వెతికి తీస్తుంది. దొరికినవాటిని అదే డిస్క్ మీద మాత్రం దాచకూడదు, వేరే డిస్క్‌లోకే తియ్యాలి. డిస్క్ పెద్దదైతే గంటలు పడుతుంది, రాత్రికి వదిలేసి పడుకోండి. తెల్లారేసరికి వేల ఫైళ్ళు కనిపిస్తాయి. ఒక్కదానికీ అసలు పేరు ఉండదు, అంకెలే. మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కోటి తెరిచి చూడాలి. డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు. వెంటనే ఆపి, డేటా రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. డిస్క్‌ని విప్పి లోపల చూద్దాం అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు, వాళ్ళకి దూరంగా ఉంచండి.

ఈలోగా ఇంకో దారి. పెళ్ళిపాటలు పోగేసే మనిషి వాటిని ఎవరికో ఒకరికి చూపించకుండా ఉండరు. ఏ పత్రికకో, ఏ ప్రింటింగ్ ప్రెస్సుకో, ఊరి గుడి సంచికకో పంపే ఉంటారు. మాస్టారి మెయిల్‌లో పంపినవాటి పెట్టె తెరిచి మొదటి నుంచీ చూడండి. ఆ ప్రెస్సులో పేజీలు టైప్ చేసే డీటీపీ కుర్రాడిని తన సిస్టమ్‌లో చూడమనండి. పాత పెన్‌డ్రైవ్‌లు బీరువాలో ఎక్కడున్నాయో అడగండి. నేను చూసినవాటిలో పోయిన తెలుగు ఫైళ్ళు రికవరీలో దొరికినదానికన్నా ఇలా దొరికినవే ఎక్కువ.

ఒక హెచ్చరిక. ఫైల్ దొరికి, తెరిచినప్పుడు తెలుగుకి బదులు చుక్కలు, గీతలు, తోకలు ఉన్న ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపిస్తుంది. "ఇది కూడా పాడైపోయింది" అని డిలీట్ చేసేయకండి! అది అను ఫైల్ స్వభావం. ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ వాడే యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరాలకి విడిగా స్థానాలున్నాయి. అనులాంటి పాత ఫాంట్లు అలా కాదు. ఇంగ్లీషు అక్షరం కూర్చునే కుర్చీలో తెలుగు ముక్క కూర్చుంటుంది. ఒక చోట తలకట్టు, ఒక చోట ఒత్తు, ఇంకో చోట కొమ్ము. ఫాంట్ ఉంటే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే కుర్చీ కనిపిస్తుంది. మీ బ్యాంకాయన విండోస్ మళ్ళీ ఎక్కించినప్పుడు ఆ ఫాంట్లు కూడా పోయాయి కదా. వాటిని ముందు ఎక్కించి, తర్వాత తెరవండి.

దొరికాక చేయాల్సిన మొదటి పని వాటిని యూనికోడ్‌లోకి మార్చడం. కన్వర్టర్లు ఉన్నాయి, పని చేస్తాయి. కానీ నూటికి నూరు పాళ్ళూ కాదు. ఒత్తులు పక్క అక్షరానికి అతుక్కుంటాయి, అంకెలు అప్పుడప్పుడు వేషం మారుస్తాయి. దిద్దుబాటు మనిషి కంటితోనే జరగాలి. తెనాలిలో డీటీపీ సెంటర్ నడిపిన రోజుల్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం, అను కలిపి నేను కొన్ని వేల పేజీలు కొట్టాను. అందులో ఇవాళ నాకు చదవడానికి వీలుగా మిగిలింది యూనికోడ్‌లోకి మార్చిపెట్టుకున్న కొంచెమే. మిగతా ఫ్లాపీలు అటక మీద ఉన్నాయి, తీసి పారేయడానికి మనసు రాదు.

ఇక అసలు జబ్బు సంగతి. ఉత్తరంలో మీరు ఒక వాక్యం ఆశ్చర్యంగా రాసి వదిలేశారు: ఫార్మాట్ చేశాక కూడా తేదీ మారుతూనే ఉంది. మారకేం చేస్తుంది? జబ్బు విండోస్‌లో లేదు. సిస్టమ్ లోపలి ప్రధాన పలక, అదే మదర్‌బోర్డు, మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు, మూడు వోల్టులది. సిస్టమ్‌కి కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. మాస్టారు రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్ ఆపేస్తారా అని అడగండి. ఆపేస్తారనే నా పందెం, ఆ తరం వాళ్ళందరూ ఆపుతారు. బ్యాటరీ అయిపోయాక స్విచ్ ఆపిన ప్రతిసారీ గడియారం మళ్ళీ మొదటికి వెళ్ళిపోతుంది. తేదీ పాతదైతే వెబ్‌సైట్లు ఎందుకు తెరుచుకోవు? ప్రతి సైటూ తానెవరో చెప్పే ఒక గుర్తింపు పత్రం చూపిస్తుంది, దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటుంది. సిస్టమ్ తాను కొన్నేళ్ళ వెనక ఉన్నాననుకుంటే, ఈ ఏడాది ఇచ్చిన పత్రం దానికి దొంగపత్రంలాగే కనిపిస్తుంది. తలుపు తీయదు.

క్రోమ్ బ్రౌజర్ ఇలాంటప్పుడు మీ గడియారం వెనకబడి ఉందని తెర మీద రాసి మరీ చూపిస్తుంది. ఇంగ్లీషులోనే అయినా పెద్ద అక్షరాల్లో. అంతమంది ఉన్న గదిలో ఆ వాక్యాన్ని ఒక్కరు పైకి చదివి ఉంటే పని యాభై రూపాయల లోపు తేలిపోయేది. మీ క్లబ్‌ని ఎగతాళి చేయడానికి అనడం లేదు, నేనూ అదే బాపతు. తెర మీద ఎర్ర గుర్తు కనబడగానే చదవకుండా మూసేసి "ఏదో ఎర్రర్ వచ్చింది" అంటాం. ఆ "ఏదో" అన్నమాట మీ ఆదివారం గదిలో నిషేధించండి. ఏం రాసి ఉందో ఉన్నది ఉన్నట్టు చదవాలి, లేదా ఫోన్‌తో ఫొటో తీసుకురావాలి. ఎప్పటినుంచి వస్తోంది, అంతకుముందు ఏం మార్చారు, ఆపి ఆన్ చేస్తే మళ్ళీ వస్తోందా. ఈ నాలుగూ తెలిశాకే సలహా.

సలహాల గోల గురించి ఒక పాత సంగతి గుర్తొస్తోంది. 1975 మార్చి 5న అమెరికాలో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన గరాజ్‌లో ముప్ఫై మంది దాకా కలిశారు. ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ అప్పుడే కిట్టుగా అమ్మకానికి వచ్చింది, దాంతో ఏం చేయాలో ఎవరికీ పూర్తిగా తెలియదు. ఆ కలిసినవాళ్ళ గుంపుకే హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అని పేరు. ఆపిల్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ తన ఆపిల్ 1 కంప్యూటర్ సర్క్యూట్ బొమ్మలు అందరికీ ఉచితంగా పంచింది అక్కడే. జనం పెరిగాక స్టాన్‌ఫర్డ్‌లో ఒక ఆడిటోరియానికి మారారు. లీ ఫెల్సెన్‌స్టీన్ అనే ఆయన సమావేశాలు నడిపేవాడు. ఆయన సమయాన్ని రెండుగా విడగొట్టాడు. మొదటి భాగంలో ఒక్కొక్కరే లేచి తన దగ్గర ఏముంది, తనకేం కావాలి అన్నది చెప్పి కూర్చోవాలి. దానికి మ్యాపింగ్ అని పేరు. అది అయ్యాకే రెండో భాగం, ర్యాండమ్ యాక్సెస్. అప్పుడు లేచి ఎవరికి కావాల్సినవాళ్ళ దగ్గరికి వాళ్ళు వెళ్ళి మాట్లాడుకునేవాళ్ళు.

మీ గదిలో రెండో భాగం మాత్రమే ఉంది. మాస్టారు నోరు తెరిచి సగం చెప్పేసరికే వైరస్ అని ఒకరు, రూటర్ అని ఇంకొకరు. మొదటి అరగంట మ్యాపింగ్ పెట్టండి. సమస్య చెప్పేవాళ్ళు చెబుతారు, మిగతావాళ్ళు వింటారు. ఎవరికైనా సందేహం వస్తే అడగొచ్చు, మందు మాత్రం చెప్పకూడదు. తర్వాత చాయ్ తాగుతూ, ఆ సమస్య నిజంగా ముందెప్పుడో ఎదుర్కొన్నవాళ్ళు ఆ మనిషి పక్కకి వెళ్ళి కూర్చుంటారు. ఇద్దరో ముగ్గురో చాలు, 23 మంది అక్కర్లేదు.

ఇప్పుడు మీ బ్యాంకాయన గురించి. ఆయన అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మాస్టారు తనకి తెలిసిన నిజమే చెప్పారు. డెస్క్‌టాప్ మీద కళ్ళముందు కనిపించేది సీ డ్రైవ్‌లో ఉంటుందని చాలామందికి తెలియదు. తెలియాల్సిన అవసరమూ వాళ్ళకి ఎప్పుడూ రాలేదు. అది కనిపించే చోటు వేరు, ఉండే చోటు వేరు అన్నది మనబోటివాళ్ళం చెప్పాలి. కాబట్టి ముఖ్యమైనవి ఉన్నాయా అని అడిగితే సరిపోదు. మాస్టారి చేత మౌస్ పట్టించి, "మీ పాటల ఫైల్ ఒకసారి తెరవండి" అనాలి. ఎక్కడ నొక్కి తెరుస్తారో చూస్తే ఫైల్ ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఇది నాకు ఎలా తెలుసంటే, మా బావగారి ఎరువుల కొట్టు లెక్కలు నా చేతుల మీదుగా పోయాయి. టాలీ అనే లెక్కల ప్రోగ్రాంలో రెండేళ్ళ డేటా. "అంతా బ్యాకప్ ఉందిరా" అన్నాడు, నేను నమ్మి ఫార్మాట్ కొట్టాను. ఆయన దృష్టిలో బ్యాకప్ అంటే డెస్క్‌టాప్ మీద ఉన్న టాలీ బొమ్మ. తర్వాత నాలుగు ఆదివారాలు కొట్లో కూర్చుని బిల్లు పుస్తకాలు ముందేసుకుని మళ్ళీ ఎక్కించాను. మా అక్క టీ ఇచ్చేది, మాట్లాడేది కాదు.

అందుకే క్లబ్‌కి ఒకే ఒక్క నియమం పెట్టండి: ఇంకొకరి సిస్టమ్ మీద చెయ్యి వేసేముందు, ఆ మనిషి చూస్తుండగా, వాళ్ళ ఫైళ్ళు వేరే డిస్క్‌లోకి కాపీ అయి ఉండాలి, కాపీ అయినవాటిలో ఒకటి తెరిచి చూసి ఉండాలి. క్లబ్ డబ్బులతో ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని బీరువాలో పెట్టండి. సలహా ఉచితం, కానీ సిస్టమ్ పక్కవాళ్ళది. సలహా చెప్పేవాళ్ళు సలహాతో ఆగితే తప్పు లేదు, మౌస్ లాక్కోవడంతోనే వస్తుంది చిక్కంతా. మీ డిగ్రీ పిల్లలకి ఇది మరీ మరీ చెప్పండి, వాళ్ళ చేతులకి వేగం ఎక్కువ. కొత్త ల్యాప్‌టాప్‌లతో ఇంకో గండం ఉంది. విండోస్ 11 వచ్చినవాటిలో డిస్క్‌కి తాళం వేసి ఉండడం మామూలైపోయింది. తెలియక బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల్లో, ఏదైనా గెలికితే 48 అంకెల కీ అడిగి కూర్చుంటుంది. ఆ కీ చాలామందికి వాళ్ళ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి.

సిస్టమ్ స్లో అన్న ఫిర్యాదుకి క్లుప్తంగా. ర్యామ్ నాలుగు జీబీ ఉంటే ఎనిమిది చేయించండి, తిరిగే డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టించండి. తేడా ఎక్కువ వచ్చేది రెండోదానితోనే. పాత డిస్క్‌ని మాత్రం ఫైళ్ళ వేట పూర్తయ్యేదాకా ఎవరికీ ఇవ్వకండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. నమోదు చేసుకున్నవాళ్ళకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా. ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరం కన్నా పాతదైతే విండోస్ 11కి అధికారికంగా పనికిరాదు. అలాంటివాళ్ళకి నేను విండోస్‌కి బదులు లినక్స్ మింట్ పెట్టుకోమంటాను. కానీ మాస్టారికి వద్దు. ఆయన చేతివేళ్ళకి అలవాటైనది అను కీబోర్డు, అది విండోస్ సరుకు. ఆ సిస్టమ్‌ని టైపింగ్‌కి ఉంచేసుకుని, ఇంటర్నెట్ పనులు ఫోన్‌లోనో వేరే దాంట్లోనో చూసుకోమనండి.

బ్యాంకాయన్ని తప్పించాలా అని అడిగారు. వద్దు. ఆయన్ని తప్పిస్తే ఈ తప్పు చేయకూడదని ఒళ్ళంతా తెలిసిన ఒకే ఒక్క సభ్యుణ్ణి పోగొట్టుకుంటారు. పోనీ క్షమాపణ చెప్పించండి అని కూడా అనను. ఇద్దరినీ కూర్చోబెట్టి పంచాయితీ పెడితే పెద్దవాళ్ళు ఇంకా బిగుసుకుపోతారు. ఫొటోరెక్ తీసిన ఆ వేల ఫైళ్ళను ఒక్కొక్కటే తెరిచి చూసే పని ఆయనకి అప్పజెప్పండి, మాస్టారింట్లో, మాస్టారి పక్కన. పేర్లు లేని ఫైళ్ళు కదా, ఏ పాట ఏదో చెప్పాల్సింది మాస్టారే. మాట్లాడుకోకుండా ఆ పని సాగదు. ఫైళ్ళు దొరక్కపోతే? మాస్టారికి ఆ పాటల్లో కొన్నైనా నోటికి వచ్చే ఉంటాయి. ఆయన పాడతారు, ఈయన టైప్ చేస్తారు. ఈసారి యూనికోడ్‌లో.

చివరగా, స్టేషనరీ షాపులో నూట యాభై రూపాయలకి గట్టి అట్ట ఉన్న లాంగ్ నోట్‌బుక్ కొనండి. ఏ సమస్య వచ్చింది, తెర మీద ఏం రాసి ఉంది, ఎవరు ఏం చేశారు, తగ్గిందా లేదా అన్నది తేదీతో సహా అందులో రాయండి. తేదీ మటుకు మాస్టారి సిస్టమ్ చూసి వేయకండి. మొదటి పేజీలో ఈ ఫార్మాట్ సంగతే ఉండాలి. దాన్ని రాయాల్సింది మాస్టారూ కాదు, బ్యాంకాయనా కాదు, ఆ రోజు అదే గదిలో ఉండి ఊరుకున్న కార్యదర్శిగారు.